91 ఏ ఎక్కంలోనూ రాదు, మరి ప్రధాన సంఖ్య ఎందుకు కాదు?

ప్రశ్న అడిగినాయనది కావలి పక్కన ఊరంట, అంగడి పెట్టుకొని ఉన్నారు. ఆరో తరగతి చదివే పాప టెస్టులో 91ని ప్రధాన సంఖ్య అని రాస్తే మేడం తప్పని గీత కొట్టేసింది. పాపేమో ఇంటికొచ్చి "ఏ ఎక్కంలోనూ రాదు కదా నాన్నా, ఎట్లా తప్పయింది" అని ఒకటే గొడవ. దానికి తోడు కారణాంకాలు రాయమంటే రెండు మూడు వదిలేస్తది, గుణిజాలు అడిగితే కారణాంకాలు రాస్తది. "నేను చదివింది టెన్త్ వరకే, రాత్రి అంగడి కట్టేసి వచ్చాక కూచోబెట్టి ఎట్లా చెప్పాలి" అని అడిగారు.

సూటిగా జవాబు ముందు చెప్పేస్తా. ప్రధాన సంఖ్య అంటే 1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ మిగలకుండా తెగని నంబరు. 91 ప్రధాన సంఖ్య కాదు, ఏడు పదమూళ్ళు తొంభై ఒకటి. 100 లోపు ఏ నంబరిచ్చినా సరే 2, 3, 5, 7 ఈ నాలుగింటితో తెగుతుందేమో చూస్తే చాలు, నాలుగింటితోనూ తెగలేదంటే అది ప్రధాన సంఖ్యే, ఇంకేం చూడక్కర్లేదు (1 ఒక్కటి మినహాయింపు, ఆ నాలుగూ ఎట్లాగూ ప్రధాన సంఖ్యలే). కారణాంకాలు వదిలెయ్యకుండా ఉండాలంటే ఒక్కొక్కటిగా కాదు, జతలు జతలుగా రాయించండి. ఈ రెండూ అలవాటైతే పాప సమస్య ముప్పాతిక వంతు తీరిపోతుంది. మిగతాదంతా ఎందుకు, ఎట్లా అనేది, తీరిగ్గా చదవండి.

నేను ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూళ్లలో ముప్పై ఏళ్ల పైన లెక్కలు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు ఒంగోల్లో ఇంటి దగ్గరే నలుగురైదుగురు పిల్లలకి చెప్తున్నా. మీ పాప అన్న మాట నేను కనీసం వంద మంది పిల్లల నోట విన్నా. నిజానికి ఆ పాప అన్నదాంట్లో తప్పేం లేదు, మనమే ఎక్కాలు పదితో ఆపేస్తాం, ఏడో ఎక్కం "ఏడు పదులు డెబ్బై" అనగానే అయిపోయిందని పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, 91 ఏమో ఆ డెబ్బైకి ఇంకో మూడు మెట్లు పైన కూచొని ఉంది. 77, 84, 91. పాట ఆపేసిన చోట ఎక్కం ఆగిపోయిందని పిల్లలు అనుకుంటారు, ఆగేది మన నోరే గానీ ఎక్కం కాదు కదా. 51, 57, 87, 91 ఈ నాలుగింటికీ పిల్లలు ఎప్పుడూ మోసపోయేది ఇందుకే. మూడు పదిహేళ్ళు 51, మూడు పంతొమ్మిదులు 57, మూడు ఇరవై తొమ్మిదులు 87, అన్నీ పది దాటాక వచ్చేవే.

కాబట్టి ముందు పాపకి చెప్పాల్సింది "ఎక్కంలో ఉందా లేదా" అని గుర్తు తెచ్చుకోవడం కాదు, భాగించి చూడటం. గుర్తులేని దాన్ని లేదు అనుకోవడమే ఇక్కడ అసలు జబ్బు.

ఇప్పుడు కారణాంకం, గుణిజం సంగతి. పుస్తకంలో నిర్వచనం చదివిస్తే పది నిమిషాల్లో మళ్ళీ తారుమారు చేస్తారు, అందుకని నేను నిర్వచనం జోలికి పోను. ఇంట్లో చింతపిక్కలు ఉంటాయి కదా, పన్నెండు తీసి పాప ముందు పోయండి. వీటిని మిగలకుండా సమానంగా వరసలు పెట్టమనండి. ఒకే వరసలో పన్నెండు, రెండు వరసల్లో ఆరేసి, మూడు వరసల్లో నాలుగేసి. ఆ వరసల లెక్కా, వరసలో ఉన్న పిక్కల లెక్కా, అవే కారణాంకాలు: 1, 12, 2, 6, 3, 4. ఐదేసి పెట్టమంటే రెండు మిగుల్తాయి, కాబట్టి 5 కారణాంకం కాదు. ఉన్న పన్నెండు పిక్కల్లోనే సర్దుకోవాలి గనక కారణాంకాలు ఎప్పుడూ పన్నెండు దాటవు, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు.

గుణిజాలకి ఇంకా పిక్కలు తేవాలి. పన్నెండు పిక్కల కుప్ప పక్కన ఇంకో పన్నెండు పోస్తే 24, ఇంకో కుప్పతో 36, ఇట్లా పోస్తానే ఉండొచ్చు, ఇంట్లో చింతపండు అయిపోవాల్సిందే గానీ గుణిజాలకి అంతు లేదు. పాప ఇంకా కలగలిపేస్తుంటే చుట్టరికం లెక్కన చెప్పండి. మీరు పాపకి నాన్న, పాప మీకు కూతురు, ఉన్నది ఒకటే చుట్టరికం, ఏ వైపు నుంచి పిలుస్తున్నామనేదే తేడా. 3 వైపు నుంచి చూస్తే 12 దాని గుణిజం, 12 వైపు నుంచి చూస్తే 3 దాని కారణాంకం. ఇది చెప్పాక పిల్లలు నవ్వుతారు, నవ్విన పిల్ల మర్చిపోదు. ఒక చిన్న తిరకాసు ఉంది, 12 తనకి తానే కారణాంకం, తనకి తానే గుణిజం కూడా, రెండు జాబితాల్లోనూ రాయాలి. ఇది వదిలేసి అర మార్కు పోగొట్టుకున్న వాళ్ళని చాలామందిని చూశా. సున్నా కూడా లెక్క ప్రకారం అన్నిటికీ గుణిజమే, కానీ "మొదటి ఐదు గుణిజాలు రాయండి" అంటే స్కూల్లో అడిగేది 12 నుంచే, పాపని ఇప్పుడు సున్నాతో తికమక పెట్టొద్దు.

ఇప్పుడు ఆ చింతపిక్కల్లో ఒకటి కలిపి పదమూడు చేసి ఇవ్వండి. పాప రెండేసి పెడుతుంది, ఒకటి మిగులుద్ది, మూడేసి పెడితే ఒకటి, నాలుగేసి పెట్టినా ఒకటే, ఐదేసి పెడితే మూడు, చివరికి విసుగొచ్చి ఒకే పొడుగు వరస పెట్టేస్తది. ఒకే వరస తప్ప ఇంకో దారి లేని నంబరే ప్రధాన సంఖ్య. నా దగ్గర చదివిన ఒక పిల్లోడు వీటికి "మొండి నంబర్లు" అని పేరు పెట్టాడు, ఆ బ్యాచ్ అంతా పదో తరగతి దాకా ఆ పేరే పిలిచారు, నేనూ అలవాటు పడిపోయా.

మరి 1? ఒక పిక్క ఒకే వరస, మొండిదే కదా అని ప్రతి క్లాసులో ఒకరైనా అడుగుతారు, అడగాలి కూడా. ప్రధాన సంఖ్యకి సరిగ్గా రెండు కారణాంకాలు ఉండాలి, ఒకటీ తనూ. 1కి ఉన్నది ఒక్కటే. అది ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా (రెండు కంటే ఎక్కువ కారణాంకాలు ఉన్నది) కాదు. ఇది ఎవరో ఊరికే పెట్టిన రూల్ కాదు. ఏ నంబరునైనా ప్రధాన సంఖ్యల గుణకారంగా విడగొడితే ఒకే రకంగా వస్తుంది, 12 అంటే 2 × 2 × 3, వరస మార్చుకోవచ్చు గానీ వేరే నంబర్లు రావు. 1ని కూడా లోపలికి రానిస్తే 1 × 2 × 2 × 3, 1 × 1 × 2 × 2 × 3 అని ఎన్ని రకాలుగానైనా రాసుకుంటా పోవచ్చు, ఆ ఒకే రకం అనే మాటే పోతుంది. అందుకని దాన్ని గడప బయటే నిలబెట్టారు.

కారణాంకాలు జతలుగా రాయడం. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ప్రధాన సంఖ్యల కిటుకు కూడా దీంట్లోనే ఉంది. 72 తీసుకుందాం. మామూలుగా పిల్లలు 1, 2, 3, 4, 6, 8, 9, 12 అని రాసి ఒక దూకు దూకి 72 రాసేస్తారు, మధ్యలో 18, 24, 36 గాలికి పోతాయి. చిన్నవి దొరికినంత తేలిగ్గా పెద్దవి దొరకవు. జతలుగా రాయిస్తే చిన్నది దొరికినప్పుడే పెద్దది కూడా చేతికొస్తుంది.

1 × 72
2 × 36
3 × 24
4 × 18
6 × 12
8 × 9

5తో, 7తో తెగదు కాబట్టి వదిలేశాం. 8 పక్కన 9 వచ్చింది, తర్వాత చూడాల్సింది 9, అది ఆల్రెడీ కుడివైపు ఉంది. అంటే ఎడమవైపు నంబర్లు పెరుగుతా, కుడివైపువి తగ్గుతా వచ్చి ఎదురుపడ్డాయి, ఇంక ముందుకు పోతే 9 × 8, 12 × 6 అని పాతవే తిరగబడి వస్తాయి. ఎదురుపడ్డ చోట ఆపెయ్యాలి. ఆరు జతలు, పన్నెండు కారణాంకాలు. ఎడమవైపు కిందికి, కుడివైపు పైకి చదివితే వరస కూడా కుదురుతుంది. 36 లాంటి వర్గ సంఖ్యలకి మాత్రం చివరి జత 6 × 6, ఆ 6ని ఒక్కసారే రాయాలి, అందుకే వర్గ సంఖ్యలకి మాత్రమే కారణాంకాల లెక్క బేసి వస్తుంది. 36కి తొమ్మిది. పాప రాసిన జాబితా సరిగ్గా ఉందో లేదో మీరు చూడాలంటే ఇదొక మంచి గుర్తు: వర్గ సంఖ్య కాని దానికి బేసి లెక్క వచ్చిందంటే ఏదో ఒకటి వదిలేసిందన్నట్టే. (సరి సంఖ్యలో వచ్చినంత మాత్రాన అన్నీ వచ్చాయని కాదు, ఒక జత మొత్తం ఎగిరిపోయి ఉండొచ్చు.)

ఇప్పుడు ఆ ఎదురుపడటం గురించి. ఏ నంబరైనా రెండు నంబర్ల గుణకారం అయితే ఆ రెండూ పెద్దవి కాలేవు. 100 ఉందనుకోండి, రెండూ 10 కంటే పెద్దవైతే గుణకారం 100 దాటిపోతుంది కదా, కాబట్టి జతలో ఒకటి కచ్చితంగా 10 లేదా అంతకన్నా చిన్నది అయ్యుండాలి. ఆ చిన్నదాన్ని పట్టుకుంటే చాలు, పెద్దది దాని వెనకాలే వస్తుంది. చిన్నది ఏదీ దొరకలేదంటే పెద్దది కూడా లేదు, అసలు జతే లేదు, మొండి నంబరు. "వర్గమూలం వరకే చూస్తే చాలు" అని పెద్ద క్లాసుల్లో అనేది ఇదే. పాపకి వర్గమూలం అనే మాట చెప్పక్కర్లేదు, "ఏ నంబరుని అదే నంబరుతో గుణిస్తే దాటిపోతుందో ఆడ ఆపెయ్" అంటే అర్థమవుతుంది.

ఇంకొంచెం పని తగ్గించొచ్చు. 4తో వేరేగా చూడక్కర్లేదు, 2తో తెగనిది 4తో ఎట్లా తెగుతుంది, అట్లాగే 6, 8, 9, 10 అన్నీ 2, 3, 5 ఖాతాలోవే. మిగిలినవి 2, 3, 5, 7. తర్వాతది 11, పదకొండు పదకొండ్లు 121, అంటే 121 లోపు నంబర్లకి ఆ నాలుగే సరిపోతాయి. 169 లోపు అయితే 11 కూడా కలపాలి, 289 లోపు అయితే 13 కూడా, 361 లోపు అయితే 17 కూడా. ఆరో తరగతికి ఇంతకన్నా అవసరం రాదు.

ఇది మాటల్లో చెప్తే సగం మందికే ఎక్కుతుంది, కాగితం మీద చూపిస్తే అందరికీ ఎక్కుతుంది. ఎరటోస్తనీస్ జల్లెడ అని ఉంటుంది, క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయం చూసుకున్న గ్రీకు పండితుడాయన. పుస్తకాల్లో పదేసి గళ్ళతో వేస్తారు, నేను మాత్రం ఆరేసి గళ్ళతో వేయిస్తా, తేడా మీరే చూడండి. మార్కాపురం వైపు పనిచేసేటప్పుడు అక్కడ ఎవరింట్లో చూసినా పలకలే కదా, పెద్ద పలక మీద ఆరు నిలువు గళ్ళు కొట్టి మొదటి వరసలో 1 నుంచి 6, రెండో వరసలో 7 నుంచి 12, అట్లా పదిహేడు వరసల్లో 100 దాకా రాయించేవాణ్ణి. పలక చాలక వెనక్కి తిప్పి రాసిన వాళ్ళు కూడా ఉన్నారు. మీరు నోటు పుస్తకంలో వేయించండి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు ఇవ్వండి.

1ని కొట్టేయమనండి. 2ని ఉంచి దాని గుణిజాలన్నీ ఒక రంగుతో కొట్టమనండి. చూస్తే రెండో గడి, నాలుగో గడి, ఆరో గడి పైనుంచి కిందికి మూడు నిలువు గీతల్లాగా పోతాయి. తర్వాత 3ని ఉంచి దాని గుణిజాలు, మూడో గడి మొత్తం పోతుంది. అప్పుడు మిగిలింది ఒకటో గడి, ఐదో గడి మాత్రమే. పదేసి గళ్ళతో వేస్తే ఇది కనపడదు. 5 గుణిజాలు కుడి నుంచి ఎడమకి ఏటవాలుగా దిగుతాయి: 5, 10, 15, 20, 25, మళ్ళీ కుడి అంచు నుంచి 30, 35. 7వి దీనికి సరిగ్గా తిరగబడి ఎడమ నుంచి కుడికి దిగుతాయి: 7, 14, 21, 28, 35, 42. పిల్లలకి ఈ రెండు ఏటవాలు గీతలు ఒకదాన్ని ఒకటి కోసుకోవడం భలే ఇష్టం.

ఇప్పుడు పాపని ఒక్క ప్రశ్న అడగండి, 7 రంగుతో కొట్టిన వాటిల్లో అంతకు ముందు ఏ రంగూ పడనివి ఎన్ని అని. మూడే మూడు. 49, 77, 91. అంతే. 2, 3, 5 చూసేశాక 100 లోపు మనల్ని మోసం చేయగలిగినవి ఆ మూడే, అందులో 49 ఏడేళ్ళు అని అందరికీ వచ్చు, 77 చూడగానే తెలిసిపోతుంది, మిగిలింది మీ పాపని ముంచిన 91 ఒక్కటే. పదహారో వరస మొదటి గడిలో ఉంటుంది, వెతికి తనచేతే రంగు వేయించండి. జల్లెడలో చివరికి మిగిలేవి 25, అవే 100 లోపు ప్రధాన సంఖ్యలు.

ఈ ఒకటో గడి, ఐదో గడి సంగతి చూసి కొంతమంది "6 గుణిజానికి ఒకటి తక్కువో ఎక్కువో ఉంటే ప్రధాన సంఖ్య" అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు. అది తిరగేసిన మాట. 2, 3 కాకుండా మిగతా ప్రధాన సంఖ్యలన్నీ ఆ రెండు గళ్ళలోనే ఉంటాయి, నిజమే, కానీ ఆ గళ్ళలో ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలు కావు, 25, 35, 49, 91 అన్నీ ఆడనే ఉన్నాయి. నెల్లూరోళ్ళంతా ఆంధ్రా వాళ్ళే అంటే ఆంధ్రా వాళ్ళంతా నెల్లూరోళ్ళే అయిపోతారా?

భాగించి చూడటం గురించి. 2, 5 చివరి అంకె చూస్తే తెలుస్తుంది. 3కి అంకెలు కూడాలి, 87 అయితే 8 + 7 = 15, 15 మూడుతో తెగుతుంది కాబట్టి 87 కూడా తెగుతుంది. ఎందుకో కూడా చెప్పండి, పెద్ద కష్టం కాదు: ప్రతి పదిలో 9 తీసేస్తే 1 మిగులుద్ది, 87లో ఎనిమిది పదులు ఉన్నాయి, ఒక్కో దాన్లో తొమ్మిది తీసేస్తే ఎనిమిది ఒకట్లు మిగిలాయి, విడిగా ఏడు ఉన్నాయి, మొత్తం 15. తీసేసిన తొమ్మిదులు మూడుతో ఎట్లాగూ పోతాయి. కారణం తెలిసిన పిల్ల ఈ సూత్రాన్ని 7కి వాడదు. కారణం తెలియని పిల్లలు 7కి కూడా అంకెలు కూడేస్తారు, అంతకంటే ఘోరంగా చివర 7 ఉంటే ఏడుతో తెగుతుందంటారు, 17, 37 చూపించి నోరు మూయించాల్సి వస్తుంది.

7కి "చివరి అంకెని రెట్టింపు చేసి మిగతా దాంట్లోంచి తీసెయ్" అని ఒక కిటుకు ఉంది, 91 అయితే 9 - 2 = 7, పనిచేస్తుంది. కానీ నేను ఆరో తరగతికి అది నేర్పను. రెట్టింపు చేసి కూడాలా తీసెయ్యాలా అనేది పరీక్షలో మర్చిపోతారు, 13కి నాలుగు రెట్లు కూడాలి, 17కి ఐదు రెట్లు తీసెయ్యాలి, ఇవన్నీ కలిపేసుకుంటారు. దానికన్నా అంగట్లో చిల్లర లెక్క లాగా చేయించండి, అది మీకు చేతికొచ్చిన పనే. 91లోంచి 70 తీసేస్తే 21, 21 ఏడుతో పోతుంది, అయిపోయింది. 119లోంచి 70 తీస్తే 49, పోతుంది. 133లోంచి 70 తీస్తే 63, పోతుంది. 113లోంచి 70 పోతే 43, ఇంకో 35 తీస్తే 8, పోదు. ఎంత పెద్ద నంబరైనా తెలిసిన గుణిజం తీసేస్తా పోవడమే, మర్చిపోవడానికి ఏం లేదు.

ఇంకో జాగ్రత్త. 2తోనూ 3తోనూ తెగితే 6తో తెగుతుంది, ఇది నిజం. అదే ఊపులో పిల్లలు 2తోనూ 4తోనూ తెగితే 8తో తెగుతుందంటారు, 12 చూడండి, తెగదు. రెండు నంబర్లకి 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనప్పుడే ఆ గుణకారం సూత్రం పనిచేస్తుంది.

నా పరువు పోయిన సంగతి కూడా చెప్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో స్లిప్ టెస్టులో 200 నుంచి 230 లోపు ప్రధాన సంఖ్యలు రాయమన్నా. ఒక పిల్ల 211, 223, 227, 229 రాసింది, నేను 221 వదిలేసిందని ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి మార్కు కోసేశా. మర్నాడు ఆ పిల్ల పలక పట్టుకొని నా టేబుల్ దగ్గరికొచ్చి ఏం మాట్లాడకుండా నిలబడింది, పలక మీద 17 × 13 గుణకారం వేసుంది. పదమూడు పదిహేళ్ళు రెండొందల ఇరవై ఒకటి. నేను 2, 3, 5, 7, 11 చూసి ఆపేశా, 13 చూడాలని తోచలేదు, 221 చూడటానికి మొండిగా కనపడింది, అంతే. మార్కు వేసి క్లాసులో అందరి ముందు చెప్పా నాదే తప్పని. ఆ రోజు నుంచి "చూడటానికి ప్రధాన సంఖ్య లాగా ఉంది" అనే మాట నా క్లాసులో బంద్. మొన్నటి 2021 సంవత్సరం చూడండి, ఎంత మొండిగా కనపడుతుంది, 43 × 47. రాబోయే 2027 మాత్రం నిజంగానే ప్రధాన సంఖ్య, 43 దాకా ఉన్న పద్నాలుగు ప్రధాన సంఖ్యలతో చూసుకోవాలి, నేను చూశా, దేనితోనూ తెగదు.

ఇదంతా ఎందుకు పనికొస్తుంది అని పాప అడుగుతుంది, అడగకపోతే మీరే అడగండి. మీది నెల్లూరు వైపు కదా, ధాన్యం కొలిచే పుట్టి లెక్క తెలిసే ఉంటుంది. నెల్లూరు పుట్టి 850 కిలోలు. దాన్ని విడగొడితే 2 × 5 × 5 × 17. జతలు రాస్తే 1 × 850, 2 × 425, 5 × 170, 10 × 85, 17 × 50, 25 × 34. 50 కిలోల బస్తాలకి ఎత్తితే సరిగ్గా పదిహేడు బస్తాలు, ఏం మిగలదు. అదే మా వైపు, గుంటూరు వైపు ధాన్యం 75 కిలోల బస్తా లెక్కన మాట్లాడతారు, 850 జతల్లో 75 లేదు కాబట్టి పుట్టి ధాన్యం పదకొండు బస్తాలు పోగా 25 కిలోలు మిగులుద్ది. మరి ఎన్ని పుట్లు అయితే మిగలకుండా 75 కిలోల బస్తాలు అవుతాయి? ఇదే కసాగు, అంటే కనిష్ఠ సామాన్య గుణిజం, రెండు నంబర్లకీ ఉమ్మడిగా వచ్చే గుణిజాల్లో అన్నిటికన్నా చిన్నది. 850లో 3 లేదు, 75 అంటే 3 × 5 × 5, ఆ ఒక్క 3 కలిపితే చాలు, 850 × 3 = 2550. మూడు పుట్లు, ముప్పై నాలుగు బస్తాలు. మా మామ ఒకాయన బడికి పోలేదు, ఈ మూడు పుట్లకి ముప్పై నాలుగు అనేది ఆయనకి నోటికొచ్చు, ఎట్లా వచ్చిందని అడిగితే "ఎట్లా వచ్చేదేందిరా, తూచేదే కదా" అన్నాడు. ఆ మిగిలిన 25 కిలోలు ఉంది చూశారూ, దాంతో 75ని భాగిస్తే మిగలకుండా పోతుంది, కాబట్టి 850కీ 75కీ గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం, ఉమ్మడి కారణాంకాల్లో అన్నిటికన్నా పెద్దది) 25. పెద్దదాన్ని చిన్నదాంతో, చిన్నదాన్ని మిగిలిన దాంతో భాగించుకుంటా పోవడం, యూక్లిడ్ అనే గ్రీకు గణిత పండితుడు చెప్పిన పద్ధతి ఇది, రెండు వేల ఏళ్ల పైమాటే.

పాప కొంచెం చురుకైతే ఇంకో ముక్క చెప్పండి. ఈ మొండి నంబర్లకి అంతు లేదని ఆ యూక్లిడే నిరూపించాడు. ఇప్పటికి మనుషులకి తెలిసిన అతి పెద్ద ప్రధాన సంఖ్య 2024 అక్టోబరులో బయటపడింది, 2ని 13,62,79,841 సార్లు గుణించి 1 తీసేస్తే వచ్చేది, నాలుగు కోట్ల పది లక్షల పైన అంకెలు ఉంటాయి. అంత పెద్ద వాటిని మనలాగా ఒక్కోదాంతో భాగించి చూడరు, వేరే పరీక్షలు ఉన్నాయి. 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగర్వాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి అట్లాంటి పరీక్ష ఒకటి కనిపెడితే ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది, అప్పటికి ఆ శిష్యులిద్దరూ డిగ్రీ అప్పుడే ముగించిన కుర్రాళ్ళు. నంబరు ఎంత పెద్దదైనా అంచనా మీద కాకుండా కచ్చితంగా, అది కూడా మరీ యుగాలు పట్టకుండా తేల్చే పద్ధతి అది. చిత్రమేంటంటే పెద్ద నంబరు ప్రధాన సంఖ్య కాదని తేల్చడం వేరు, దాని కారణాంకాలు ఏంటో చెప్పడం వేరు. రెండోది చాలా కష్టం, ఆ కష్టం మీదే ఆర్‌ఎస్‌ఏ అనే తాళం పద్ధతి కట్టారు, ఇంటర్నెట్‌లో రహస్యాలు దాచడానికి వాడేది. పాపకి 13 × 17 ఎంత అంటే నిమిషంలో చెప్తుంది, 221 దేని గుణకారం అంటే నాలాంటి మాస్టారే బోల్తా పడ్డాడు. అదే సంగతి, ఇంకాస్త పెద్ద నంబర్లతో.

ఇంట్లో చేయించేటప్పుడు ఒక రోజుకి ఒకటే పని పెట్టండి. మొదటి రోజు చింతపిక్కలు, రెండో రోజు జతలు, మూడో రోజు ఆరు గళ్ళ జల్లెడ. అన్నీ ఒకే రాత్రి కుక్కితే మీరూ నిద్ర చెడగొట్టుకుంటారు, పాపా ఏడుస్తుంది. ఎక్కాలు మాత్రం ఇప్పటి నుంచి 2, 3, 5, 7 నాలుగూ ఇరవై దాకా చదివించండి, మిగతావి పది దాకా చాలు.

జల్లెడ అయిపోయాక పాపకి ఈ ఐదు నంబర్లు ఇవ్వండి: 203, 209, 217, 221, 223. పదిహేను పదిహేన్లు 225 కాబట్టి 13 దాకా చూస్తే సరిపోతుంది. వీటిల్లో ఒక్కటే మొండిది. ఏదో ఈ జవాబు జాగ్రత్తగా చదివిన మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది, పాపకి మాత్రం చెప్పొద్దు, మిగతా నాలుగింటికీ జతలు రాశాకే ఒప్పుకోండి.